గంట ఏం చెప్పింది

నందసేనుడికి లెక్కలంటే ప్రాణం. కృష్ణ ఒడ్డున, కొండమీది బౌద్ధారామంలో భిక్షువుగా చేరి ఏడాదైంది. రోజూ సాయంత్రం గంట కొట్టడం అతని పని.

వానాకాలం ముగిశాక పెద్ద భిక్షువుల సభ జరుగుతుంది. అందులో తను శోధించి తేల్చిన సంగతి ఒకటి వినిపించాలని అతనికి మహా ఉబలాటం. అందుకని గంట పని తోటి భిక్షువుకు అప్పగించి, నెల రోజులు ఊళ్ళ వెంట తిరిగాడు. గంట ఎక్కడిదాకా వినిపిస్తుందో సాయంత్రానికో వీధిలో నిలబడి చూసుకుని, ఆ వీధి ఇళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

తిరిగొచ్చి గురువు విమల స్థవిరుడి ముందు కూర్చున్నాడు.

"భంతే! నాలుగు ఊళ్ళు, మూడువందల పన్నెండు ఇళ్ళు. రోజూ అన్ని ఇళ్ళకూ మన గంటతో బుద్ధుడి మాట చేరుతోంది!"

స్థవిరుడు చిరిగిన చీవరానికి అతుకు వేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"చేరిందని ఎవరు చెప్పారు?"

"నా చెవులతో విన్నాను."

"మంచిది. రేపు వెళ్ళి వాళ్ళ చెవులను కూడా అడిగిరా."

మర్నాడు నందసేనుడు పొద్దువాలే వేళకు వచ్చాడు. మోకాళ్ళదాకా దుమ్ము. నవ్వు ఆగడం లేదు.

"మేకలు కాసే అవ్వ గంట వినగానే మందను ఇంటికి మళ్ళిస్తుందట, భంతే. రేవులో పడవవాడికి అది కడపటి పడవ వేళ. ఒక ముసలి మొగుడూ పెళ్ళాం పొద్దుటినుంచీ పోట్లాడుకుని, గంట మోగితే మానేసి అన్నాలకు కూర్చుంటారట! కుమ్మరివాళ్ళ కోడలైతే నన్ను నిలదీసింది. మొన్న గంట ఆలస్యమైందట. అది వినందే ఆవిడ పసిబిడ్డ కన్ను మూయదట!"

స్థవిరుడు పకపకా నవ్వాడు. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

అంతలో శిష్యుడి మొహం చిన్నబోయింది.

"బుద్ధుడి మాట విన్నామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక సభలో ఏం చెప్పను? నేను లెక్కగట్టింది నిజమా, వాళ్ళు చెప్పింది నిజమా?"

స్థవిరుడు సూది పక్కన పెట్టి లేచాడు. పడమటి దిక్కు చూశాడు. గోడకు వేలాడే కొయ్యసుత్తి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"పొద్దు గుంకుతోంది, నాయనా. పరుగెత్తు. ఆ బిడ్డ నిద్రపోవాలి."