రాజుగారి భేరీ, తల్లి తిమింగలం

ఒక తీరరాజ్యపు రాజుగారికి తిమింగలాన్ని చూడాలని మనసైంది. మూడు రోజులు వరసగా పడవెక్కాడు. వెనక పడవల్లో భేరీలు, బూరాలు హోరెత్తించాయి. నీళ్లమీద ఒక్క తోక కూడా లేవలేదు.

"దాన్ని రోజూ చూస్తానని ఊరంతా చెప్పుకున్నావట! అబద్ధాలా? యాభై కొరడా దెబ్బలు!" అని పడవ నడిపే నూకయ్య మీద మండిపడ్డాడు.

నూకయ్య చేతులు కట్టుకున్నాడు. "మహాప్రభూ, ఈ సముద్రం ఎవరిది?"

"నాదే."

"ఇందులో బతికేవి?"

"అవీ నా ప్రజలే!"

"తమ భేరీ మోగితే ప్రజలు దారి వదిలి లోపలికి పోవాలని తమరి శాసనమే కదా. నన్ను కొట్టించండి గానీ, పాపం ఆ తిమింగలం శాసనం తప్పలేదు."

దెబ్బలు రద్దయ్యాయి. మర్నాడు భేరీలు ఒడ్డునే ఉండిపోయాయి. నూకయ్య తెడ్లు పైకెత్తి, తాత నేర్పినట్టు కదలకుండా కూర్చున్నాడు. రాజూ అలాగే కూర్చున్నాడు. కాసేపటికి తల్లి తిమింగలం పిల్లతో సహా పడవ పక్కనే లేచింది. రాజు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంబరంలో మర్నాటి నుంచి ఆస్థానమంతా బయల్దేరింది. నూకయ్య చూపించినట్టే, చప్పుడు లేకుండా, నూరు పడవలు. ఊపిరి కోసం పిల్ల పైకొచ్చిన ప్రతిచోటా ఏదో ఒక పడవ అడుగు తలకు తగిలేది. నెల తిరక్కుండా తల్లీపిల్లా ఆ తీరం వదిలిపోయాయి.

తిమింగలాన్ని చూపించినందుకు రాజుగారు తొడిగిన కడియం నూకయ్య చేతికి ఇంకా ఉంది. ఆనాటి జవాబును ఎవరైనా మెచ్చుకుంటే, ఆయన సముద్రం వైపు చూస్తాడు.

"యాభై దెబ్బలే కదయ్యా! నెలలో మానిపోయేవి."