కాళ్ళ కింద ఇసుక లాగేది ఎవరు?

ఒకప్పుడు సముద్రానికి అలలు లేవర్రా! పళ్ళెంలో పోసిన నీళ్ళలా చడీచప్పుడూ లేకుండా పడుండేది. ఒడ్డున ఎంతసేపు నిలబడ్డా కాళ్ళ కింద ఇసుక రవ్వంత కూడా కదిలేది కాదు.

ఆ నీళ్ళ అడుగున పగడాలు అనే మత్స్యకన్య ఉండేది. నడుము దాకా మనిషి, కింద చేప. ఇప్పుడు ఆమెను అందరూ రాకాసి అంటారు గానీ, అప్పట్లో అంత మెతక మనసుది ఇంకొకతె లేదు. చిన్న రొయ్య ఎదురొచ్చినా తనే పక్కకి తప్పుకునేది.

మత్స్యకన్యలు బతుకు మొత్తానికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడతారు. పగడాలూ పెట్టింది. ఎంత పొదిగినా నీళ్ళ చలికి అది వెచ్చబడదే!

"ఒడ్డున ఇసుకలో పాతిపెట్టవే. ఎండకి వెచ్చగా ఉంటుంది" అంది తాబేలత్త.

"ఎక్కడ పెట్టానో మళ్ళీ ఎలా తెలుస్తుందత్తా?"

"ఏమోనమ్మా! నేనైతే వంద పెట్టి మరిచిపోతాను."

పగడాలు పొట్టమీద పాక్కుంటూ ఒడ్డుకెళ్ళింది. అక్కడ నాలుగు పెద్ద దుంగలు పడున్నాయి. "హమ్మయ్య! ఇంత బరువైనవి ఎక్కడికి పోతాయిలే" అనుకుంది. వాటి పక్కనే గొయ్యి తీసి, గుడ్డు దాచి, తృప్తిగా వెళ్ళిపోయింది.

పిచ్చితల్లి! అవి తెప్ప దుంగలు. వేట నుంచి రాగానే జాలర్లు తెప్ప కట్లు విప్పి, దుంగలు ఎండలో ఆరేస్తారు. మళ్ళీ కట్టుకుని వేటకెళ్తారు. నీళ్ళలో కట్టిన తెప్పని చూసిందే గానీ, విప్పిన తెప్పని ఆమె ఎన్నడు చూసింది?

మర్నాడు వచ్చి చూస్తే దుంగల్లేవు. ఒడ్డు పొడుగునా అటూ ఇటూ పాకింది పాపం. అప్పుడే వేట నుంచి తిరిగొచ్చి, తెప్ప విప్పి దుంగలు ఆరేస్తున్న ఎల్లాజి అనే జాలరి కనిపిస్తే, సంగతి అర్థమై అడిగింది.

"మావా, నిన్న దుంగలు ఎక్కడ వేశావు? వాటి పక్కనే నా గుడ్డు పాతాను!"

"అయ్యో! రోజుకో కాడ ఆరేత్తామమ్మా, ఎవుడికి గురుతుంటాది?" అన్నాడతను.

ఇంతలో "చేప మనిషంట!" అంటూ ఊరు ఊరంతా ఎగబడింది. ఎన్ని కాళ్ళో!

"మెల్లగా అడుగెయ్యండి! నా బిడ్డ ఇసుకలో ఉంది!" అని పగడాలు మొత్తుకుంది. ఎవరు వింటారు? తోక చూసి నవ్వేవాళ్ళు నవ్వారు, గవ్వలు విసిరేవాళ్ళు విసిరారు.

అప్పుడొచ్చింది ఆమెకి కోపం. రాదూ మరి? నీళ్ళలోకి దూకి, "సముద్రం తాతా! నాకున్నవి రెండే చేతులు. ఈ ఒడ్డంతా ఎప్పటికి వెతకను? నువ్వు లే!" అని ఏడ్చింది.

"నేనెప్పుడూ కదిలి ఎరగనే" అని గొణిగాడు తాత. కానీ ఆ ఏడుపు చూడలేకపోయాడు. మొట్టమొదటిసారి ఒళ్ళు విరుచుకుని లేచాడు. ఒడ్డు మీద పడి, నిలబడ్డ ప్రతి కాలి కిందా ఇసుక తవ్వి లాక్కొచ్చాడు. జనం దబ్బుదబ్బున పడ్డారు. "రాకాసి! రాకాసి!" అని అరుస్తూ పరుగెత్తారు. ఆ పేరే ఆమెకి నిలిచిపోయింది.

పగడాలు ఆ ఇసుకంతా వేళ్ళతో జల్లించింది. గుడ్డు లేదు.

"మళ్ళీ వెళ్ళు తాతా" అంది.

అప్పటినుంచే సముద్రానికి అలలు. అప్పటినుంచే అలల్లో నిలబడితే మన కాళ్ళ కింద ఇసుక సర్రున జారిపోతుంది. రాకాసి లాగేస్తోందని కెవ్వుమనకండి. మీ పాదం కింద ఉందేమోనని ఆ తల్లి వెతుక్కుంటోంది. కాస్త కాలెత్తి, చూసుకోనివ్వండి.