కొట్టివేత లేని నోటుబుక్కు

వనపర్తి డిగ్రీ కాలేజీలో వకుళ అనే విద్యార్థిని ఉండేది; చదువులో చురుకైనదే, చేతిరాత చూడముచ్చటైనదే, కానీ తన పేజీలో ఒక్క కొట్టివేత కనబడితే చాలు, ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు.

తప్పు పడిన పేజీని చింపేసేది. దానికి జతగా ఉన్న పేజీ ఊడి వస్తుందని దాన్నీ చింపేది. రెండూ మళ్లీ రాసేది. ఒకసారి వృక్షశాస్త్రం రికార్డులో వేరు బొమ్మ కింద ఒక్క అక్షరం తప్పు పడిందని రికార్డు మొత్తం కొత్తగా రాసింది. లెక్చరర్ దాన్ని తరగతిలో అందరికీ చూపించి, "రాస్తే ఇట్లా రాయాలి" అన్నాడు. ఆ కాలేజీలో ఎవరికైనా రెండు పుస్తకాలు ఉండేవి. రఫ్ ఒకటి, ఫెయిర్ ఒకటి. ప్రయోగంలో వచ్చింది రఫ్‌లోకి పోయేది. రావలసింది ఫెయిర్‌లోకి వచ్చేది. ఆ సంగతి లెక్చరర్లకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులవి. రెండో సంవత్సరం వేసవిలో వకుళకు మేడ్చల్ దగ్గర ఒక పెద్ద విత్తనాల కంపెనీలో రెండు నెలల శిక్షణ దొరికింది. ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో దాన్ని పదిమంది చదివారు. చదవడం రానివాళ్లు చేత్తో పట్టుకుని చూశారు.

కంపెనీ బస్సు పొద్దున్నే ఆమె ఉంటున్న హాస్టల్ సందు చివర ఆగేది. గేటు దాటితే పొడుగాటి గోదాములు, వాటి వెనక తెల్లటి ప్రయోగశాల. లోపలికి అడుగుపెట్టగానే తడి కాగితం వాసన వచ్చేది. ఆ వాసన వకుళకు మొదటి రోజే ఎందుకో నచ్చేసింది. ఆమెకిచ్చిన తెల్లకోటు మోకాళ్ల కిందికి దిగింది. చేతులు మూడు మడతలు పెట్టుకుంటే గాని వేళ్లు బయటికి రాలేదు.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ రజియా. ఆమె తక్కువ మాట్లాడేది. మొదటి రోజు వకుళ చేతికి ఒక నోటుబుక్కు, ఒక నీలం పెన్ను ఇచ్చింది. నోటుబుక్కులో ప్రతి పేజీకీ ముందే నంబరు అచ్చువేసి ఉంది.

"చూసిందే రాయాలి. చూసినప్పుడే రాయాలి," అంది రజియా. "తప్పు పడితే దాని మీద ఒక్క గీత కొట్టు. కింద ఉన్నది కనబడాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టు. చింపేది లేదు, దిద్దేది లేదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడం," అంది వకుళ. నంబర్లు వేసిన పేజీని చింపేదెట్లా?

పని నేర్పించింది మొగులయ్య. యాభై ఐదేళ్ల మనిషి, ఏడో తరగతి దాకా చదివాడు, ఆ ప్రయోగశాల కట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. అందరూ ఆయన్ను కాకా అనేవారు. తడిపిన మందపాటి కాగితం పరచాలి. దాని మీద వంద గింజలు వరసగా పేర్చాలి. పైన ఇంకో తడి కాగితం కప్పి, చాపలా చుట్టి, బక్కెట్లో నిలబెట్టి, వెచ్చటి గదిలో పెట్టాలి. ఏడో రోజున చుట్ట విప్పి, వేరూ మొలకా బాగా వచ్చినవి ఎన్నో లెక్కపెట్టాలి. చెప్పడానికి ఇంతే. మొగులయ్య గింజలు పేరుస్తుంటే మాత్రం పనిమంతుడైన నేతగాడు మగ్గం మీద కూర్చున్నట్టే ఉండేది.

"గింజను తల కిందికి పెట్టకు బిడ్డా. దానికి ఊపిరాడదు," అనేవాడు.

మొగులయ్య నోటుబుక్కు తడిసి, ఆరి, రెండింతలు లావెక్కి ఉండేది. పేజీ పేజీకీ నీటి మరకలు, గీతలు, పక్కన వంకరటింకర తెలుగు సంతకాలు. దాన్ని చూస్తే వకుళకు ఒళ్లు జలదరించేది. అందుకని తనకు తానే ఒక ఉపాయం కనిపెట్టింది. పాత లేబుళ్ల వెనక చిత్తుగా రాసుకుని కోటు జేబులో వేసుకునేది. టీ వేళ అందరూ స్టీలు గ్లాసులు పట్టుకుని చెట్టు కిందికి పోతే, తను చేతులు తుడుచుకుని కూర్చుని అన్నీ నోటుబుక్కులోకి అందంగా ఎక్కించేది. కంపెనీలోనూ రఫ్, ఫెయిర్ తయారయ్యాయన్న మాట.

ఒకరోజు మొగులయ్య ఆ బుక్కును ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఏంది బిడ్డా, దీని మీద ఒక్క నీటిచుక్క లేదు? మనది నీళ్ల పని గద."

"నేను జాగ్రత్తగా రాస్త కాకా," అంది వకుళ. మొగులయ్య బుక్కు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

శిక్షణ ఇంకో మూడు వారాలు ఉందనగా గోదాములోని మక్కజొన్న విత్తనాలను పరీక్షించే పని వచ్చింది. బస్తాలు పన్నెండు వరసల్లో ఉన్నాయి. వరసకొక నమూనా, నమూనాకొక చుట్ట. తొలకరి దగ్గరపడుతోంది, లారీలు రావాలి. మొగులయ్య మేనకోడలి పెళ్లికి ఊరికి వెళ్తున్నాడు. "వకుళ చేస్తుందిలే. ఆ పిల్ల పని శుభ్రంగా ఉంటుంది," అంది రజియా. ఆ మాటకు వకుళ ఆ రోజంతా నేల మీద నడవలేదు.

పన్నెండు చుట్టలూ తనే చుట్టింది. తొమ్మిదో చుట్ట దగ్గర చెయ్యి తగిలి చెంబు ఒరిగింది, నీళ్లన్నీ దాని మీద పడ్డాయి. గబగబా ఒంపేసి, చుట్ట నిలబెట్టి, చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

ఏడో రోజు చుట్టలు విప్పింది. మొదటిదాంట్లో తొంభై మూడు మొలిచాయి. రెండోదాంట్లో తొంభై ఐదు. అన్నీ అట్లాగే వస్తున్నాయి. తొమ్మిదో చుట్ట విప్పి చూస్తే సగం గింజలు ఉబ్బి, మెత్తబడి, ఉన్నచోటనే ఉండిపోయాయి. మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ యాభై నాలుగే.

'నీళ్లు నేనే పోశాను. నేనే ముంచేశాను,' అనుకుంది. యాభై నాలుగు అని రాస్తే రజియా మేడం ఎందుకని అడుగుతుంది. చెంబు సంగతి చెప్పాలి. శుభ్రమైన పిల్ల అన్న పేరు పోతుంది. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ మీద ఏం రాస్తారో? అయినా గింజల తప్పేముంది, తప్పు తనది. తన తప్పుకు మంచి గింజలకు చెడ్డపేరు ఎందుకు? ఇట్లా తనకు తానే నచ్చజెప్పుకుని, చిత్తు లేబుల్ మీద యాభై నాలుగు అనే ఉన్నా, నోటుబుక్కులో తొంభై నాలుగు అని రాసింది. ఆ రోజు అక్షరాలు ఎప్పటికంటే ముద్దుగా వచ్చాయి. చుట్టను తీసుకెళ్లి ఎరువు గుంటలో పడేసింది.

రజియా పేజీ చూసి సంతకం పెట్టింది.

రెండు రోజులకు మొగులయ్య పెళ్లి లడ్డూలు పట్టుకుని వచ్చాడు. టీ వేళ వకుళకు ఒక లడ్డు ఇచ్చి, "ఈ మక్కలు ఈసారి మా దిక్కుకే పోతున్నయట. ఎల్లుండి లారీ," అన్నాడు సంతోషంగా. తర్వాత గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. "నాకు పన్నెండేండ్లప్పుడు మా ఊళ్లె ఒక యేడు గింజ మొలవలే బిడ్డా. మా నాయిన పొద్దున లేస్తే చేను గట్టు మీదికే పోతుండె. వంగి మట్టి తీసి చూస్తుండె. గింజలు మెత్తగ అయి ఉన్నయి. మళ్ల తెచ్చి వేద్దామంటే అదును దాటిపాయె. ఆ యేడు మా నాయిన మాతోని సరిగ్గ మాట్లాడలే. తన చెయ్యే మంచిది కాదనుకున్నడు పాపం. గింజ చచ్చిందని ఆయనకు ఎవరు చెప్పాలె? అందుకే ఇక్కడ పని దొరికినంక నేను ఒక్కొక్క చుట్ట రెండుసార్లు లెక్కవెడత."

వకుళ చేతిలో లడ్డు అట్లాగే ఉండిపోయింది. మెత్తగా అయి ఉన్న గింజలు ఆమె కళ్ల ముందు కదిలాయి.

"కాకా, నీళ్లు ఎక్కువైతే గింజ చస్తదా?" అంది.

"ఎన్ని నీళ్లు?"

"చెంబెడు. చుట్ట మీద పడితే."

"చెంబెడు నీళ్లకు మక్క చావది. నిలబెడితే కిందికి కారిపోతయి," అన్నాడు మొగులయ్య. ఆమె ముఖం వంక చూశాడు. "ఎందుకడుగుతున్నవ్ బిడ్డా?"

వకుళ కోటు జేబులో చెయ్యి పెట్టింది. నలిగిన లేబుల్ ఇంకా అక్కడే ఉంది. తీసి ఆయన చేతిలో పెట్టింది. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. మొగులయ్య లేబుల్ చూశాడు, లోపలికి వెళ్లి నోటుబుక్కు చూశాడు, మళ్లీ లేబుల్ చూశాడు.

"నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?" అన్నాడు.

"నేనే చెప్త," అంది వకుళ.

రజియా గది ఇరవై అడుగుల దూరం. ఆ ఇరవై అడుగులూ నడవడం ఆమెకు వనపర్తి నుంచి మేడ్చల్ రావడం కంటే కష్టమైంది. చెంబు దగ్గర మొదలుపెట్టి లేబుల్ దాకా అంతా చెప్పింది. రజియా అంతా విన్నాక ఫోను ఎత్తి గోదాముకు చెప్పింది. "ఎల్లుండి లారీ ఆపండి. తొమ్మిదో వరస ముట్టుకోవద్దు."

తర్వాత నోటుబుక్కు తెరిచి వకుళ ముందు పెట్టింది. "గీత కొట్టు."

వకుళ తొంభై నాలుగు మీద ఒక్క గీత కొట్టింది. పక్కన యాభై నాలుగు రాసింది. "కారణం కూడా రాయి," అంది రజియా. 'నా తప్పు అనుకుని దాచాను' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది. కన్నీటి చుక్క ఒకటి పడి సిరా కొంచెం అలుక్కుంది. నీళ్ల మరక లేని ఆ బుక్కుకు అదే మొదటి మరక.

మొగులయ్యా వకుళా కలిసి తొమ్మిదో వరస నుంచి కొత్త చుట్టలు నాలుగు చుట్టారు. ఏడో రోజు విప్పితే నాలుగింట్లోనూ సగం గింజలు మెత్తబడి ఉన్నాయి. వెళ్లి గోదాములో చూస్తే ఆ వరస పైన రేకు పగిలి ఉంది. వేసవిలో కురిసిన గాలివాన నీళ్లు బస్తాల్లోకి దిగాయి. తప్పు చెంబుది కాదు, వకుళది కాదు. ఆమె దాచింది మాత్రం తన తప్పును కాదు, గింజ చెప్పిన నిజాన్ని. ఆ వరస పక్కకు పోయింది. మిగిలిన పదకొండు వరసలూ లారీ ఎక్కాయి, ఆలస్యంగా, కానీ అదును దాటకముందే.

చివరి రోజు సర్టిఫికెట్ ఇచ్చారు. తనతోపాటు శిక్షణకు వచ్చిన మిగతా పిల్లలకు 'చాలా బాగా చేశారు' అని ఉంది. వకుళకు 'శిక్షణ పూర్తిచేసింది' అని మాత్రమే ఉంది.

"ఇంతకంటే రాయలేను," అంది రజియా. "కానీ చదువైపోయాక మళ్లీ రా."

వకుళ వెళ్లింది. అక్కడే ఉద్యోగం చేసింది. ఇప్పుడు రజియా కూర్చున్న కుర్చీలో ఆమే కూర్చుంటోంది. రజియా మేడం లేదు, మొగులయ్య కాకా లేడు. స్టీలు గ్లాసులు పోయి కాగితం కప్పులు వచ్చాయి. మొలకలను కెమెరా లెక్కపెడుతోంది. తడి కాగితం వాసన ఒక్కటే మారలేదు. ఒక్కోరోజు పొద్దున్నే తలుపు తీయగానే ఆ వాసన ముక్కుకు తగిలి, గింజను తల కిందికి పెట్టకు బిడ్డా అని ఎవరో వెనక నుంచి అన్నట్టే ఉంటుంది. ఆమె ఒక్క క్షణం గుమ్మంలో ఆగిపోతుంది. ఆ రెండు నెలలు మళ్లీ రావని ఆమెకు తెలుసు.

ప్రతి వేసవికీ కాలేజీల నుంచి కొత్త పిల్లలు వస్తారు. ఆమె బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసి, గీత కొట్టిన పేజీ తెరిచి వాళ్ల ముందు పెడుతుంది.

"మేడం, ఇది ఎవరిది? కొట్టివేత ఉంది," అన్నాడు మొన్న ఒక కుర్రాడు.

"నాదే," అంది వకుళ. "నా జీవితంలో నేను రాసిన మంచి పేజీ అదొక్కటే."

పిల్లలూ, తప్పు పడిన చోట గీత కొట్టి నిజం రాస్తే పోయేది పేజీ అందమే. పేజీ అందం కోసం నిజాన్ని దాస్తే పోయేది మన ముఖం కూడా ఎరుగని ఒకరి పంట.