పత్తెం

విరూపాక్షయ్య మాస్టారు ఎవరినీ "తిన్నావా?" అని అడగరు. "ఏం తిన్నావు?" అని అడుగుతారు. ఆ ఫార్మసీ కాలేజీలో ఇది అందరికీ నవ్వులాట. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఇందుమతి కూడా ఆరేళ్లుగా నవ్వుతూనే ఉంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. పరిశోధన మానేస్తున్నానని రాసిన కాగితాన్ని ఆయన బల్ల మీద పెట్టి, పక్కనే ఒక గాజు సీసా పెట్టింది.

ఆమె పని తుమ్మజిగురుతో. దానితో కంటికి ఆనని రేణువులు చేసి, వాటిలో ఒక మొండి జ్వరం మందును దాచాలి. ఆ మందు నీళ్లలో కరగదు. నెయ్యో నూనో తగలకుండా మింగితే ఒంటబట్టకుండానే బయటికి పోతుంది. జిగురు రేణువుల్లో ఉంటే పేగు గోడకు అంటుకుని నెత్తుట్లో కలుస్తుంది. ఎలుకల్లో కలిసింది కూడా. కానీ ఎన్నిసార్లు చేసినా మూడో నెలకల్లా రేణువులు ఉండకట్టి సీసా అడుక్కి చేరుతున్నాయి. ఇది పదకొండోసారి. ఆమెకు ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"నెయ్యేసుకుని అన్నం తిని మింగినా ఈ మందు ఒంటబడుతుంది కదా సార్. ఆ ఒక్క మాట రోగికి చెబితే పోయేదానికి ఆరేళ్లు ఎందుకు తగలేశాను?"

మాస్టారు వాదించలేదు. కళ్లద్దాలు తీసి, తన సంగతి ఒకటి చెప్పారు.

చదువు ముగిసిన కొత్తలో ఆయన ఒక కొండ దిగువ ఊళ్లో, ఆసుపత్రి మందుల గదిలో పనిచేశారు. పైడమ్మ అనే ఆవిడ కొడుక్కి డాక్టరు ఇదే మందు రాశాడు. మాత్రలు చేతికిచ్చింది ఈయనే. "పత్తెం ఉండాలా బాబూ?" అని ఆమె అడిగింది. ఆమె వెనక వరస చాంతాడంత ఉంది. "ఉంటే మంచిదే" అన్నారు ఈయన, తలెత్తకుండా.

నెయ్యి మాట చెప్పడం మరిచిపోయారు. ఆమె మాత్రం ఏదీ మరవలేదు. పూట తప్పకుండా మాత్ర వేసింది. ఇంట్లో పాడి ఉంది, ఉట్టి మీద నెయ్యి ఉంది. కొడుక్కి ఒక్క చుక్క తగలనివ్వలేదు. చారన్నం పెట్టి, వాడికి లేనిది తనకెందుకని తానూ అదే తింది. మూడు వారాలకు కొడుకు పోయాడు.

దినాలయ్యాక ఆమె ఆసుపత్రికి వచ్చింది. ఖాళీ మాత్రల అట్టలన్నీ ఆయన ముందు పరిచింది. తిట్టడానికి రాలేదు. "ఎక్కడ పత్తెం తప్పినామో సెప్పు బాబూ" అని అడగడానికి వచ్చింది. ఒకరోజు చారుకు తాలింపు పెట్టిందట. ఆ నూనె చుక్కే కొడుకును తీసుకుపోయిందేమోనని ఆమె అనుమానం.

ఇందుమతి అడిగింది, "మీరేం చెప్పారు సార్?"

మాస్టారు సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి, అడుగున పేరుకున్న తెల్లటి ఉండల్ని చూశారు.

"తాలింపు వల్లే అయ్యుంటుందన్నానమ్మా."