నూకాలత్త లేచి వెళ్ళిన పూట

ఈ రోజుల్లో ధర్నాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు గొంతులు, వెనక తోపులాట! మా రోజుల్లో రాతిమడుగు దగ్గర కూర్చున్నామే, అదీ కూర్చోవడమంటే. తాబేలును కదా, వయసెక్కువ, జ్ఞాపకాలూ ఎక్కువే. ఆ ఎండ, ఆ దుమ్ము, పక్కనే గేదె పెద్దమ్మ వెచ్చటి ఊపిరి... తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే లాగుతుంది.

ఆ వేసవి అడవంతా ఎండిపోయి ఒక్క రాతిమడుగులోనే నీళ్ళు మిగిలాయి. చుట్టూ బండలు, లోపలికి ఒకటే సందు. ఓ తోడేలు వచ్చి అక్కడ తిష్ఠ వేసింది. నీళ్ళకి వచ్చినవాళ్ళలో చిన్నవాళ్ళని ఎత్తుకుపోవడం మొదలుపెట్టింది. ఇక లాభం లేదని అందరం కలిసి సందుకి అడ్డంగా కూర్చున్నాం. ముందు గేదె పెద్దమ్మ, గాడిద నూకాలత్త. వెనక పిల్లల తల్లులు, నాలాంటి నడవలేనివాళ్ళు. లోపల దానికి నీళ్ళున్నాయి, తిండి లేదు. బయట మాకు మేత ఉంది, నీళ్ళు లేవు. ఎవరు ముందు దిగొస్తారన్నదే పందెం. గొర్రె పోలమ్మ పిల్ల అప్పటికే నాలుక బయటపెట్టి పడుకుంది. పోలమ్మ దాన్ని నాకుతూ ఏడ్చేది.

నినాదాలకి పుంజే నాయకుడు. గొంతుందిగా! "మడుగు అందరిదీ!" అని అరిస్తే బండలు మారుమోగేవి.

అప్పుడు దిగింది నక్క, మద్దతు ఇస్తానంటూ.

"బాగానే ఉంది పుంజు బావా, కానీ చప్పగా ఉంది. కాస్త కారం తగలాలి. 'ఒరే తోడేలూ, గాడిదా, పోరా!' అను, ఎలా పేలుతుందో చూడు."

పుంజుకి తెగ నచ్చేసింది. "పోరా గాడిదా!" అని మెడ సాచి అరిచింది. మేకపోతు కుర్రాళ్ళు ఈలలేశారు. నక్క ఇంకోటి అందించింది: "గొర్రెల్లా తలొంచం!" అదీ అరిచారు.

నూకాలత్త చెవులు వాలిపోయాయి. "ఏరా పుంజూ, పొద్దుట్నుంచీ ఎండలో నీకు అండగా నిలబడింది ఎవర్రా?"

"అబ్బ, నిన్ను కాదత్తా! వాణ్ణి తిడుతున్నాం."

"వాణ్ణి తిట్టడానికి నా పేరెందుకు?"

"ఇంత పెద్ద ఉద్యమంలో ఇలాంటి చిన్న విషయాలు పట్టుకుంటే ఎలా అత్తా?"

నూకాలత్త ఒంటి దుమ్ము దులుపుకుంది. లేచి వెళ్ళిపోయింది. పోలమ్మ కూడా పిల్లని లేపుకుని బయల్దేరింది. ముందు వరసలో గాడిదంత ఖాళీ పడింది.

తోడేలు దానికోసమే కాచుకుని ఉంది. ఆ ఖాళీలోంచి ఒక్క దూకు, సరాసరి గొర్రెపిల్ల మీదికి! పోలమ్మ కేక పెట్టింది. మా అందరికంటే ముందు కదిలింది పుంజే. ఎగిరి తోడేలు మొహం మీద పడి పొడిచింది. తోక ఈకలన్నీ ఊడిపోయాయి పాపం. అంతలో గేదె పెద్దమ్మ కొమ్ములు దించి తోడేలుని మళ్ళీ సందులోకి నెట్టేసింది. పిల్లకి చెవి చిరిగింది కానీ ప్రాణం దక్కింది.

పుంజు ఆ బోసితోకతోనే నూకాలత్త దగ్గరికెళ్ళింది. చాటుగా కాదు, అందరి ముందూ. "తప్పయిపోయిందత్తా. నీ అండన కూర్చుని నిన్నే తిట్టాను."

"నాకేం దండలు వెయ్యొద్దులేరా. నా పేరు తిట్టు చెయ్యకు, చాలు."

నక్క మధ్యలో దూరింది. "ఇంత సున్నితమైతే తోడేలు భయపడుతుందా? తిట్టు లేని ఉద్యమం ఏం ఉద్యమం!"

"నిజమే నక్కయ్యా," అంది నూకాలత్త. "పుంజూ, అయితే 'ఒరే తోడేలూ, గుంటనక్కా, పోరా!' అను."

నక్క ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఏయ్, మర్యాద! మా వంశం పేరెత్తితే ఊరుకోను!"

"ఇంత చిన్న విషయానికేనా?" అంది గేదె పెద్దమ్మ. నవ్వలేక చచ్చాం. లోపల్నుంచి తోడేలు గొంతు వినిపించింది: "వీళ్ళని విడగొడతానన్నావు కదరా నక్కా! ఏదీ?"

గుట్టు బయటపడింది. ఆ తిట్టు మాత్రం పుంజు అరవలేదు. పేరు తిట్టయి గుచ్చుకుంటే ఎలా ఉంటుందో అందరం కళ్ళారా చూశాంగా. మళ్ళీ వరస కట్టాం. తల్లుల్ని నీడకి చేర్చాం. ఎవరు లేవాలన్నా పక్కవాళ్ళకి చెప్పి లేవాలనుకున్నాం. మేకపోతుల ఈలలు నూకాలత్త ఒక్క చూపుతో మాన్పించింది. మళ్ళీ "మడుగు అందరిదీ!" అన్న పాత కేకే, ఈసారి అన్ని గొంతులూ కలిసి. అబ్బ, ఆ కేక మళ్ళీ ఎక్కడా వినలేదు నేను.

ఆకలికి తాళలేక తోడేలు మడుగు వదిలేసి బయటికొచ్చింది. దారిచ్చాం. అది మా వంక చూడనైనా లేదు, సరాసరి నక్క వెంటపడింది. "నిన్ను నమ్మి పస్తులున్నాను కదరా!" అని అరుస్తూ కొండ అవతలి దాకా తరిమింది. ఇటు మొదటి గుక్క గొర్రెపిల్ల చేత తాగించాం.

నీతి అడుగుతారా? పక్కన కూర్చున్నవాళ్ళ మర్యాద కాపాడలేని గుంపు, ఎదుటివాడి నుంచి హక్కు రాబట్టలేదు.