కనకాంబరం వాసన ఎవరికిచ్చింది?

ఒకప్పుడు పూలమొక్కలన్నీ అడవిలోనే ఉండేవి. ఇంటి ముందు కుండీలో మొక్క పెంచుకోవచ్చని ఎవరికీ తోచలేదు. కుండలు చేసే సూరమ్మకే మొదట తోచింది. కాల్చేటప్పుడు బీటలు పడ్డ కుండలు నీళ్లకు పనికిరావు. పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. వాటిలో మట్టి నింపి, బండి మీద పెట్టుకుని, మొక్కలు ఏరుకోవడానికి అడవికి బయల్దేరింది.

"అరుగు మీద పెట్టుకోవడానికి మొక్కలు కావాలి" అందో లేదో, అడవంతా ఒకటే గోల!

"నన్ను చూడవే సూరమ్మా, ఎంత ఎర్రగా ఉన్నానో!" అంది మందారం.

"ఎరుపుంటే సరా? నా వాసన చూడు!" అంది మల్లె.

చామంతి అయితే అడక్కుండానే కుండలోకెక్కి కూర్చుంది.

చివరికి ఒక్క కుండే మిగిలింది. అప్పుడు గాలి తిరిగింది. ఎక్కణ్నుంచో ఒక వాసన వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి వాసన సూరమ్మ ఎరగదు. తేనెటీగలు దారి మరిచి గాల్లోనే నిలబడిపోయాయి. మల్లె కూడా నోరు మూసుకుంది. ఆ వాసన కనకాంబరానిది. అవును, ఆ రోజుల్లో కనకాంబరానికి వాసన ఉండేది!

"రావే బంగారుతల్లీ, ఈ కుండ నీదే" అంది సూరమ్మ.

కనకాంబరం కదల్లేదు. దాని మొదట్లో ఒక చిట్టిమొక్క నక్కి ఉంది. "పెద్దమ్మా, నువ్వెళ్లిపోతే నాకు నీడ లేదు. ఈ ఎండకు మాడి చచ్చిపోతాను" అని ఏడుస్తోంది.

"నా బదులు దీన్ని తీసుకెళ్లమ్మా" అంది కనకాంబరం.

"పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. దీనికి పువ్వూ లేదు, పరిమళమూ లేదు. దీన్నేం చేసుకోను?"

"వాసన ఉంటే తీసుకెళ్తావా?"

"ఎందుకు తీసుకెళ్లను!"

కనకాంబరం చిట్టిమొక్క మీదికి వంగింది. తన పూలన్నీ ఒక్కసారి దులిపింది. అంతే! వాసనంతా జారి కిందపడింది. పట్టుకోవడానికి చిట్టిమొక్కకు పువ్వు లేదు కదా, ఆకులే చాపి పట్టుకుంది. ఉన్నదంతా ఇలా ఇచ్చేసినవాళ్లను సూరమ్మ అంతవరకు చూడలేదు. తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

ఆ చేతులతోనే చిట్టిమొక్కను కుండలో నాటింది. "నీ పేరేంటే తల్లీ?" అని అడిగింది.

అది వినిపించుకుంటేగా! కనకాంబరం వైపే చూస్తూ, "పెద్దమ్మా, నేనూ నా పిల్లలూ నిన్ను మరువం... మరువం..." అంటోంది.

సూరమ్మ చెవిన ఆ చివరి మాటే పడింది. "ఓహో, మరువమా! పేరు బాగుంది" అనుకుంది.

మరి కనకాంబరమో? దాన్ని వదిలి వెళ్లడానికి సూరమ్మకు కాళ్లు రాలేదు. తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ల కుండను అక్కడే వంపేసి, అడుగున చిల్లు పొడిచి, అందులో కనకాంబరాన్ని నాటుకుంది. దాహంతోనే ఇల్లు చేరింది.

తెల్లారి అరుగు మీద కూర్చుని కనకాంబరాలు దండ కడుతుంటే, పక్క కుండలోంచి మరువం ఒక రెమ్మ చాపింది.

"నన్నూ కలిపి కట్టమ్మా. పెద్దమ్మ వాసన పెద్దమ్మ దగ్గరికి చేరాలి."

అప్పటినుంచే కనకాంబరానికి వాసన లేదు, మరువానికి ఆకుల్లోనే వాసన. అప్పటినుంచే దండ కట్టే అమ్మలు కనకాంబరాల పక్కన మరువం రెమ్మ పెట్టి ముడి వేస్తున్నారు.