చిలక రాల్చిన ఈక

అనగనగా పిల్లలూ, ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు ధీరసేనుడు, నడిపోడు బలసేనుడు, చిన్నోడు సోమసేనుడు.

ఉన్నట్టుండి రాజుకి కార్జం చెడింది. ఒళ్ళంతా పసుపు రాసినట్టయిపోయింది.

"కన్నబిడ్డ కార్జంలో ముక్క కోసి అతికిస్తే బతుకుతారు. అలా అతికించే మాయలోడు ఏడు సముద్రాల అవతలున్నాడు. ఎవరు పిలిచినా రాడు," అన్నాడు వైద్యుడు.

పెద్దోడు వెళ్ళాడు, మొదటి సముద్రం చూసి వెనక్కొచ్చాడు. నడిపోడు వెళ్ళాడు, అతని బరువుకి పడవ మునిగితే ఈదుకుంటూ వచ్చాడు. చిన్నోడు వెళ్ళాడు. ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే తిరగేశాడు.

"ఎక్కు నా వీపు మీద," అంది తాబేలు.

ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. దిగేటప్పుడు గుట్టు చెప్పింది. "మాయలోడి ప్రాణం ఆ తాటితొర్రలో చిలకలో ఉంది. చిలక అబద్ధమాడితే ఒక ఈక రాలుద్ది, మాయలోడి ఆయుష్షులో ఒక ఏడాది పోద్ది."

చిన్నోడు చిలకని పట్టుకున్నాడు. మాయలోడు పరిగెత్తుకొచ్చాడు, వెనకే వాళ్ళమ్మాయి సంపెంగి.

"గొంతు నులమకు బాబూ. ఏం కావాలన్నా ఇస్తా."

"నులమను. మా నాన్న చచ్చిపోతున్నాడు, వస్తావా?" అని చిలకని అతని చేతిలోనే పెట్టేశాడు.

మాయలోడు చిలకని భుజం మీద ఎక్కించుకున్నాడు. తర్వాత, "సంపెంగీ, మందుల మూట కట్టు," అన్నాడు.

ఇంటికొచ్చాక చిన్నోడు నాన్న మంచం పక్కన కూర్చుని తాబేలు సంగతీ, చిలక సంగతీ అంతా చెప్పాడు.

ముక్క ఎవరివ్వాలి? రాణి అంది, "పెద్దోడు రేపు సింహాసనం ఎక్కాలి. నడిపోడికి పెళ్ళాం పిల్లలున్నారు. చిన్నోడా, నీకెవరున్నారు నాయనా?"

అందరూ చిన్నోడి వైపే చూశారు. అతను తలూపాడు.

"నా పద్ధతి ఒకటుంది," అన్నాడు మాయలోడు. "ఇచ్చేవాళ్ళని చిలక గదిలో ఒంటరిగా మూడుసార్లు అడుగుద్ది. అమ్మ కూడా ఉండకూడదు. లోపలి మాట బయటికి రాదు."

తలుపేశారు.

"ఇస్తావా?" అంది చిలక.

"ఇస్తాను."

"ఇష్టంగానేనా?"

"అమ్మ ఇమ్మంది."

"ఇక్కడ అమ్మ లేదు. ఇస్తావా?"

చిన్నోడు గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. "కత్తంటే భయం. నా వల్ల కాదు. నాన్నంటే ప్రేమ లేక కాదు."

చిలక బయటికెళ్ళి రాజు మంచం కోడు మీద వాలింది. "చిన్నోడిది అతకదు," అంది. పచ్చటి ఈక ఒకటి రాలింది. మాయలోడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

తర్వాత పెద్దోడు లోపలికెళ్ళాడు. "అతకదు," అంది చిలక. ఈక రాలలేదు, అది నిజమే.

నడిపోడు లేచాడు. "నా పెళ్ళాన్ని అడిగే వచ్చా. 'నీ కార్జంలో ముక్క పోతే నీకు తెలియను కూడా తెలీదు, పోయిరా' అంది."

చిలక మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నవ్వుతూనే ఇస్తానన్నాడు.

మాయలోడు కోశాడు, అతికించాడు. సంపెంగి మందు నూరింది. చిన్నోడు నాన్నకీ అన్నకీ గంజి తాగించాడు, పక్కలు మార్చాడు. ఇద్దరూ లేచి తిరిగారు.

మందులు అందుకుంటూ, ఇచ్చుకుంటూ సంపెంగీ చిన్నోడూ ఒకరికొకరు నచ్చేశారు. పెళ్ళినాడు రాజు కొడుకుని పక్కకి పిలిచి చేతిలో ఏదో పెట్టాడు. పచ్చటి ఈక.

"ఆరోజు నా మంచం మీద దొరికింది."

చిన్నోడు తలెత్తలేకపోయాడు. "నాన్నా, ఆరోజు..."

"తెలుసురా. అమ్మ మాటకి తలొంచేస్తావేమోనని నేనే భయపడ్డా. ఇష్టం లేని ముక్క లోపల పెట్టుకుని నాకెట్టా నిద్రపట్టుద్దిరా?"

ఈకని తనే కొడుకు తలపాగాలో గుచ్చాడు.

రాజు చాలాకాలం చల్లగా ఏలాడు, ఆయన తర్వాత పెద్దోడు ఏలాడు. నడిపోడు పొట్ట మీద గీత చూపించి పిల్లల్ని నవ్వించేవాడు. చిన్నోడి తలపాగాలో ఆ ఈకేంటని ఎవరన్నా అడిగితే, "మా మావగారు నాకోసం ఇచ్చిన ఒక ఏడాది," అనేవాడు.